యంత్రసహాయకునికి పత్రసమర్పణము

కృత్రిమమేధా సహాయకునికి సమర్పింపదలచిన పత్రము కంటికి తెలుగుగా కనబడినంత మాత్రమున యంత్రమునకును తెలుగుగానే అందునని భావింపరాదు. మన ముద్రణరంగమున చిరకాలము వాడుకలోనున్న ‘అను’ ఫాంట్ల వంటివానిలో తెలుగు రూపముల వెనుక రోమన్ సంకేతములే దాగియుండును గనుక, పీడీఎఫ్ నుండి ఒక వాక్యమును నకలుచేసి వేఱొకచోట అతికింపగా అర్థరహితమైన లిపి కనబడినయెడల, 1991లోనే తెలుగునకు స్థానమిచ్చిన యూనికోడ్‌లోనికి పాఠ్యమును మార్చుకొనవలెను.

స్కాను చేసిన పుటలను ఓసీఆర్ ప్రక్రియచే పాఠ్యముగా మార్చినను, ఒత్తులను, అంకెలను మూలముతో సరిచూడక తప్పదు. గ్రంథము పెద్దదైనచో అవసరమైన అధ్యాయమును మాత్రమే వేఱుచేసి పంపుట మేలు. పత్రమున దాచదలచిన ఆధార్ సంఖ్యపై నల్లపట్టీ వేసినను అడుగున అంకెలు నిలిచియుండవచ్చును గనుక, వానిని మూలప్రతిలోనే తొలగించి, పిమ్మట క్రొత్త పీడీఎఫ్ చేసి పంపవలెను.