వేదికెక్కే కంప్యూటర్‌కు ర్యాక్

మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లలో విద్యుత్ ప్రభల దగ్గర తెల్లవార్లూ పాటకచేరీలు సాగుతాయి. కీబోర్డు స్వరాలు, రిథమ్ ట్రాకులు ఇప్పుడు కంప్యూటర్ నుంచి కూడా వస్తున్నాయి. శావల్యాపురం నుంచి వ్యానులో బయలుదేరే బృందం ఇంట్లోని కంప్యూటర్‌ను ఉన్నదున్నట్టు ఎక్కిస్తే, కుదుపులకు లోపలి కార్డులు, తీగలు వదులవుతాయి. పరికరాలను బిగించే చట్రం, అంటే ర్యాక్, అవసరం అక్కడే.

ర్యాక్ ముందు పలక వెడల్పు 19 అంగుళాలు. ఎత్తును 'యూ' లెక్కన కొలుస్తారు. ఒక యూ అంటే 1.75 అంగుళాలు. 4 యూ, అంటే 7 అంగుళాల పెట్టెలో మామూలు మదర్‌బోర్డు, పవర్ సప్లై, నిలువు కార్డులు పడతాయి. ప్రాసెసర్ మీద కూలర్ మాత్రం పొట్టిదే పెట్టండి. ఎత్తైన కూలర్ బరువు కుదుపుకు బోర్డును లాగేస్తుంది. పెట్టె బరువంతా ముందున్న నాలుగు స్క్రూల మీదే వేలాడకూడదు, వెనక కూడా ఆధారం ఉండాలి. తిరిగే హార్డ్‌డిస్కు బదులు ఎస్ఎస్‌డీ వేయండి. ముందు దుమ్ము జాలీ బిగించండి. వాయించేటప్పుడు ర్యాక్ వెనక మూత తీసి, వేడిగాలికి దారివ్వండి.

జనరేటర్ కరెంటుకు యూపీఎస్, సరైన ఎర్తింగ్ ఉండాలి. ఆడియో ఇంటర్‌ఫేస్‌నూ అదే ర్యాక్‌లో బిగిస్తే తీగలు ప్రతిసారీ పీకి పెట్టే పని తప్పుతుంది.

ఇక ఆడియో సెట్టింగుల సంగతి. సెకనుకు 48,000 శాంపిళ్ల వేగంలో 128 శాంపిళ్ల బఫర్ పెడితే, ఆ బఫర్ వల్ల వచ్చే ఆలస్యం సుమారు 2.7 మిల్లీసెకన్లు. ఆ వ్యవధిలో శబ్దం గాలిలో మీటరు కూడా పోదు. బఫర్ మరీ తగ్గిస్తే టపటపలు వినిపిస్తాయి. వైఫై, అప్‌డేట్లు ఆపేసి, బయలుదేరే ముందే రెండు గంటలు ఆపకుండా వాయించి చూడండి.