చిన్న రబ్బరు బూట్, పెద్ద కాపలా
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఇ.ఎం.ఇ.లో వెహికల్ మెకానిక్‌గా చేరి సుబేదార్‌గా రిటైరైన వాణ్ణి. సాహిత్యం మీద మాట్లాడమంటే నా వల్ల కాదు. నాకు తెలిసింది బండి. అందుకని మన కార్ల కింద ఉండే ఒక చిన్న రబ్బరు తొడుగు గురించి చెబుతాను. దాన్ని సి.వి. జాయింట్ బూట్ అంటారు.

ముందు చక్రాలతో నడిచే కారులో గేర్‌బాక్సు నుంచి చక్రానికి ఊపునిచ్చేది డ్రైవ్ షాఫ్టు. చక్రం స్టీరింగుతో పక్కకి మళ్ళాలి, గుంటల్లో పైకీ కిందికీ ఊగాలి, అయినా ఒకే వేగంతో తిరగాలి. అది సి.వి. జాయింట్ పని. ఆల్ఫ్రెడ్ రెజెప్పా అనే ఇంజనీరు 1920లలో తయారుచేసిన ఉక్కు గుండ్ల పద్ధతినే ఇప్పటికీ చక్రం వైపు వాడుతున్నారు. మన దేశంలో ఇది సామాన్యుల ఇళ్ళకు చేరింది 1983 డిసెంబరులో గుర్గావ్ నుంచి మారుతి 800 బయటకొచ్చాకనే.

మన ఫౌజీ డ్రైవర్లకి జిప్సీ బాగా అలవాటు. అందులో ముందు యాక్సిల్ జాయింటు ఇనుప నకిల్ లోపల ఉంటుంది, దానికి కాపలా ఆయిల్ సీలు. కారులో అలా కాదు. జాయింటుకి ఆ మడతల రబ్బరు బూటే దిక్కు. రెండు షాఫ్టులకి కలిపి నాలుగు బూట్లు. స్టీరింగుతోపాటు వంగేది చక్రం వైపు బూట్ కాబట్టి ముందుగా చిరిగేది ఎక్కువగా అదే.

ఇక్కడే చాలామంది మోసపోతారు. ఇంజన్ ఆయిల్ కారితే నేల మీద మరక పడుతుంది. బూట్ చిరిగితే మరక కనపడకపోవచ్చు. షాఫ్టు తిరుగుతుంటే గ్రీజు చుట్టూ చిమ్ముతుంది. చక్రం లోపలి వైపు, సస్పెన్షన్ మీద చిక్కటి నల్ల గ్రీజు కనిపిస్తే అనుమానించండి. బండి ఆపి, స్టీరింగు పూర్తిగా ఒక పక్కకి తిప్పి, టార్చితో మడతల మధ్య చూడండి. బూట్ బాగానే ఉండి అంచున మాత్రమే కారుతుంటే క్లాంపు వదులైందేమో చూసుకోవాలి.

గ్రీజు బయటకి పోవడం సగం నష్టమే. ఢిల్లీ దుమ్ము, వర్షాకాలంలో మింటో బ్రిడ్జి లాంటి చోట్ల నిలిచే నీళ్ళు లోపలికి పోవడం అసలు నష్టం. అవి గుండ్లని తినేస్తాయి. అప్పుడు మలుపులో టక్ టక్‌మని చప్పుడు మొదలవుతుంది.

మా కాలనీలో ఒక రిటైర్డ్ హవల్దార్ గారికి ఒక వర్క్‌షాపులో రెండు షాఫ్టులూ మార్చాలన్నారు. పెన్షన్ మీద బతికే మనిషి, గాభరా పడ్డారు. నేను చూశాను. చప్పుడు లేదు, గ్రీజులో ఇసుక లేదు. బూట్, గ్రీజు, క్లాంపులు ఉన్న కిట్‌తో పని అయిపోయింది. కాబట్టి చప్పుడు లేకపోతే జాయింటు విప్పించి, కడిగించి, మీ కళ్ళతో చూశాకే నిర్ణయించండి. గుండ్లు, వాటి దారులు గుంటలు పడితే మాత్రం డబ్బుకి చూడొద్దు, జాయింటు మార్చండి. కొత్త బూట్ వేసినంత మాత్రాన అరిగిన జాయింటు బాగుపడదు.

టేపు చుట్టడం, మామూలు గ్రీజు కుక్కడం పనికిరావు. సి.వి. గ్రీజే, చెప్పిన కొలతలోనే వేయాలి. హబ్ నట్ టార్క్ రెంచితోనే బిగించాలి. ఒక్క జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి ఎవరూ దూరొద్దు.

సంక్రాంతికి కారులో పిల్లాపాపలతో హైదరాబాదు వెళ్ళేవాళ్ళున్నారు. పదిహేను వందల కిలోమీటర్ల పైమాటే. దారిలో ఒక పక్క జాయింటు విరిగితే మామూలు కారులో రెండో చక్రానికి కూడా ఊపు అందదు. హైవే మధ్యలో ఆగిపోతుంది. గేరులో పెట్టినా నిలవదు, హ్యాండ్ బ్రేకే ఆధారం.

యూనిట్‌లో మెంటెనెన్స్ పెరేడ్ ఎవరూ ఎగ్గొట్టేవారు కాదు. రిటైరయ్యాక ఆదివారం అయిదు నిమిషాలు మన బండికి మనమే ఆ పెరేడ్ చేద్దాం. ఫౌజు నేర్పిన ఆ అలవాటు మన కుటుంబాన్ని క్షేమంగా ఇంటికి చేరుస్తుంది.

సెలవు. జై హింద్.