సైన్యము లేని దౌత్యము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



మన గ్రంథాలయము 25 వత్సరములు నిండి రజతోత్సవము జరుపుకొనుచున్న ఈ శుభసమయమున నాలుగు మాటలు చెప్పుటకు నాకవకాశ మిచ్చినందులకు కృతజ్ఞుడను. కొలది దినముల క్రిందట ఈ పఠనమందిరములోనే పత్రిక చదువుచున్న ఒక యువకుడు నన్నొక ప్రశ్న యడిగెను. “అయ్యా, పోపుగారికి ఫిరంగులు లేవు, యుద్ధనౌకలు లేవు. రాజ్యములు ఆయన మాట ఎందుకు వినవలెను?” ఆనాడు నేను సరియైన సమాధానము చెప్పలేకపోతిని. పిమ్మట చదివి తెలిసికొన్నదానిని నేడు మీ యెదుట నుంచుచున్నాను.

రోము నగరములోని వాటికన్ రాజ్యము వైశాల్యమున సుమారు 109 ఎకరములు మాత్రమే. మన వైపున ఒక్క చెరువు క్రింది ఆయకట్టు ఇంతకన్న పెద్దదిగా నుండును. 1929లో ఇటలీతో జరిగిన లాటరన్ ఒడంబడిక వలన ఇది స్వతంత్ర రాజ్యమైనది. స్విస్ కావలిభటులు తప్ప పోపుగారికి సైన్యమనునది లేదు. అయినను వారి పీఠమునకు 180కి పైగా దేశములతో దౌత్య సంబంధములు కలవు. మన దేశము 1948లోనే ఆ సంబంధము నేర్పరచుకొన్నది. ఈ దౌత్యము వలన ఒరిగినదేమి? ఒక్క ఉదాహరణము చెప్పెదను.

దక్షిణ అమెరికా ఖండపు దక్షిణాగ్రమున బీగిల్ జలసంధి కలదు. దాని ముఖమున పిక్టన్, లెన్నాక్స్, నువేవా అను మూడు చిన్న ద్వీపములున్నవి. అవి తమవని చిలీయు, తమవని అర్జెంటీనాయు దీర్ఘకాలము వాదులాడినవి. 1881లో వ్రాసికొన్న సరిహద్దు ఒడంబడికకు ఎవరి అర్థము వారు చెప్పుకొనిరి. తుదకు ఉభయులును అంగీకరించి తగవును తీర్పరుల కప్పగించిరి. 1977లో వచ్చిన తీర్పు ద్వీపములను చిలీకిచ్చెను. అర్జెంటీనా ఆ తీర్పు చెల్లదని 1978 జనవరిలో ప్రకటించెను. నాడు రెండు దేశములలోను సైనిక ప్రభుత్వములే. ఆ సంవత్సరము డిసెంబరు నాటికి సేనలు సరిహద్దులకు చేరినవి, నౌకలు కదలినవి. యుద్ధము గంటల దూరమున నుండెను.

అప్పటికి రెండవ జాన్ పాల్ పోపుగారు పదవికి వచ్చి రెండు మాసములే యైనది. తమ దూతను పంపుచున్నామని వారు ఉభయ ప్రభుత్వములకు తెలియజేసిరి. ఆ దూత కార్డినల్ అంటోనియో సమోరే, 73 ఏండ్ల వృద్ధుడు. క్రిస్మస్ మరునాడు ఆయన బ్యూనస్ ఐరిస్ చేరెను. అచ్చటినుండి శాంటియాగోకును, మరల వెనుకకును తిరిగి, ఇరువురి మాటలను ఓపికతో వినెను. 1979 జనవరి 8వ తేదీన మాంటివిడియో నగరమున ఉభయులును సంతకములు చేసిరి. బలప్రయోగము చేయబోమనియు, పోపుగారి మధ్యవర్తిత్వమును కోరుచున్నామనియు వ్రాసియిచ్చిరి.

తీర్పును త్రోసివేసినవారు మధ్యవర్తి మాటకు ఎట్లు లోబడిరి? మా ఇంటి కథ యొకటి చెప్పిన ఇది బోధపడును. మా తండ్రిగారును వారి దాయాదియు రెండు మూరల గట్టుకై కోర్టుకెక్కి, ఆ గట్టు వెలకు పదిరెట్లు వ్యయము చేసికొనిరి. తీర్పు వచ్చినది గాని మాటలు కలియలేదు. కోర్టులో ఒకడు గెలిచెను, ఒకడు ఓడెను. ఓడినవాడు ఊరిలో తలయెత్తుకొని తిరుగలేకపోయెను. రాజ్యములకును ఈ అభిమానమే అడ్డు. శత్రువునకు లొంగితిమన్న అపకీర్తి, పెద్దమనిషి మాట మన్నించితిమన్నచో రాదు. ఆ రెండు దేశముల ప్రజలలో అధిక సంఖ్యాకులు కేథలిక్కులు. పోపుగారు ఆ ద్వీపములలో గజము నేలయైన కోరినవారు కారు. వారికి సైన్యము లేకపోవుటయే ఇచ్చట వారికి బలమైనది.

అయితే ఈ కార్యము ఒక్క దినమున నెరవేరలేదు. 1980 డిసెంబరులో పోపుగారు చేసిన సూచనను చిలీ అంగీకరించెను. అర్జెంటీనా అంగీకరింపక కాలయాపన చేసెను. 1982లో ఆ దేశము ఫాక్‌లాండు ద్వీపములకై బ్రిటనుతో యుద్ధము చేసి ఓడిపోయెను. 1983 ఫిబ్రవరిలో సమోరే ఫలమును కన్నులార చూడకయే మరణించెను. ఆ సంవత్సరాంతమున అర్జెంటీనాలో ప్రజాప్రభుత్వము వచ్చినది. 1984 నవంబరు 25న ఆ దేశప్రజల అభిప్రాయము నడుగగా, నూటికి 80 మందికి పైగా సంధికి అనుకూలముగా ఓటు వేసిరి. నాలుగు దినములకు వాటికనులో సంధిపత్రముపై సంతకములైనవి. ద్వీపములు చిలీకి దక్కినవి. అట్లాంటిక్ వైపు సముద్రజలములలో అధికభాగము అర్జెంటీనాకు లభించినది. నేడు ఆ రెండు దేశముల నడుమ ఆండీస్ పర్వతములలో ఒక కనుమ సమోరే పేరనే పిలువబడుచున్నది.

పోపుగారి మాట ప్రతిచోటను చెల్లినదని నేననను. 1917లో పదునైదవ బెనెడిక్టు పంపిన శాంతిపత్రమును యుద్ధములోనున్న రాజ్యములు పెడచెవిని పెట్టినవి. 2003లో ఇరాకు యుద్ధము వలదని రెండవ జాన్ పాల్ ఎంత చెప్పినను అది ఆగలేదు. అంతేకాదు, 1493లో ఆరవ అలెగ్జాండరు పోపు క్రొత్తగా కనుగొన్న భూములపై స్పెయిను రాజులకు హక్కునిచ్చుచు శాసనము వ్రాసెను. ఆ భూములపై కాపురమున్న ప్రజలను ఒక్కమాటైన నడుగలేదు. దాని ఫలితము ఎట్టిదో లోకమెరుగును. ప్రజల నడుగక పంచియిచ్చిన శాసనము దుఃఖమునకు దారితీసినది. ఉభయుల మాట విని, ప్రజల సమ్మతి పొందిన సంధి నేటికిని నిలిచియున్నది. ఆ యువకునకు నా సమాధానమిదియే.

చివరిగా ఒక్క మాట. సమోరే యుద్ధము నాపుటకు బయలుదేరిన నాటికి ఆయన నిర్వహించుచున్న పదవి యేదో తెలియునా? వాటికన్ గ్రంథాలయమునకును, ప్రాచీన పత్రభాండారమునకును ఆయన అధిపతి. ఒకవంక ఫిరంగులు, వేరొకవంక ఒక వృద్ధ గ్రంథాలయాధికారి. గెలిచినది ఎవరో చూచితిమి. ఈ మందిరమున కూర్చుండి చదువుకొను మన బిడ్డలు, రేపు గట్టు తగవు వచ్చిననాడు కర్ర నెత్తుటకు ముందు ఎదుటివాని మాట వినగలిగినచో, ఈ 25 ఏండ్ల శ్రమ సార్థకమైనట్లే.