జీతము, పైరాబడి, ఆదాయపు పన్ను
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



విద్యానిధిని గూర్చియు, వసతిగృహమును గూర్చియు పెద్దలు ముచ్చటించిరి. నాకొసగబడిన విషయ మంత రుచ్యమైనది కాదు. పన్నుమాట యెత్తగానే వెనుక వరుసలు ఖాళీయగుట నేనెరుగుదును. అయినను మనవారిలో నెలజీతముపై జీవించు కుటుంబము లిపుడు పెక్కు. తిరుపతి దేవస్థానమునందును, విశ్వవిద్యాలయమునందును, చిత్తూరి మామిడిగుజ్జు కర్మాగారములందును పనిచేయువా రీ సభలోనే యున్నారు.

ఈ పన్ను మనకు క్రొత్తది కాదు. 1860 లో జేమ్సు విల్సను దొర దీనిని ప్రవేశపెట్టగా, చెన్నపురి గవర్నరు సర్ చార్లెసు ట్రెవెలియను బహిరంగముగా నెదిరించి పదవి గోల్పోయెను. అప్పటికి చిత్తూరు ఉత్తరార్కాటు జిల్లాకు ముఖ్యపట్టణము. 1886 నాటి చట్టమునందే సర్కారు జీతగాండ్ర పన్నును జీతమిచ్చునపుడే పట్టుకొను ఏర్పాటు గలదు. మన మిప్పుడు టీడీయస్ అనునది ఆ పద్ధతియే. 1961 నాటి చట్టమునకు బదులు 2025 నాటి నూతనచట్టము 2026 ఏప్రిలు 1 నుండి అమలునకు వచ్చినను, ఈ మూలసూత్రము మారలేదు.

జీతమొక్కటే గలవానికి చిక్కు తక్కువ. చిక్కంతయు పైరాబడితోనే. ఒక ఉపాధ్యాయుని వార్షికజీతము 11,00,000 రూపాయ లనుకొందము. 2025–26 సంవత్సరపు నూతనపద్ధతిలో 75,000 తగ్గింపుపోగా 10,25,000 మిగులును. 12,00,000 లోపు రాయితీ యున్నందున పన్ను లేదు. జీతమిచ్చువారు రూకయైనను పట్టుకొనరు. ఆయన సాయంకాలములు ట్యూషను చెప్పి, ఖర్చులుపోగా 3,00,000 గడించెను. మొత్తము 13,25,000. ఇపుడు పన్ను సెస్సుతో గూడ 81,900 రూపాయలు! మూడులక్షల సంపాదనలో నాలుగవవంతునకు మించిన మొత్త మొక్కసారి కట్టవలసివచ్చును. పిల్లవాని కళాశాలరుసుమునకు దాచిన సొమ్మంతయు నిట్లు పోయిన యిండ్లు గలవు. పన్ను పదివేలు దాటునని తోచినవారు జూను, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి నెలల 15 వ తేదీలలోపల ముందుగా వాయిదాలు కట్టవలెను. లేనిచో నెలకు నూటికొక రూపాయి వడ్డీ పడును. లేదా పైరాబడిని యజమానికి వ్రాతమూలముగా తెలిపినచో నాయన జీతమునుండియే నెలనెలా పట్టుకొనును. నా మట్టున కీ రెండవమార్గమే సుఖము. నడుమ ఉద్యోగము మారినవారును పాతజీతపులెక్క క్రొత్తయజమానికి చూపవలెను. చూపనిచో నిద్దరును రాయితీ లిచ్చి, లోటంతయు తుదకు మననెత్తిన బడును.

బకాయిజీత మొక్కసారి చేతికందినవారు ఆ బకాయి యే సంవత్సరములదో చూపి ఉపశమనము కోరవచ్చును. దానికి వేరొక నమూనాపత్రము గలదు. రిటర్నునకు ముందే దాఖలు చేయనిచో ఉపశమనము దక్కదు.

చిన్నవారికి జరుగు నష్టము వేరు. తిరుచానూరు పెండ్లిండ్లకు ఒప్పందముపై వంటచేయు మేస్త్రీకి సంస్థవారు నూటికొక రూపాయి పట్టుకొని మిగత యిత్తురు. పాన్ సంఖ్య యీయనిచో ఇరువది పట్టుకొందురు. ఆయనకు పన్నే లేకపోవచ్చును. కాని రిటర్ను వేయనిదే ఆ సొమ్ము తిరిగిరాదు. మనవా రెందరో దీనిని పోయిన సొమ్ముగనే యెంచి యూరకుందురు. మామిడితోట గలవా రొకమాట గమనింపుడు. కాయ లమ్మిన రాబడికి పన్ను లేదు. దానినే గుజ్జుచేసి యమ్మినచో గుజ్జుపై లాభమునకు పన్ను గలదు. ఆవులపాల రాబడియు వ్యవసాయము క్రింద చేరదు.

ఇక పోషకులకు మనవి. కూలివానినుండి పట్టుకొనిన పన్ను వచ్చునెల 7 వ తేదీలోపల సర్కారునకు జమచేయవలెను. ఆలస్యమైనచో నెలకు నూటికి రూపాయిన్నర వడ్డీ. పట్టుకొని కట్టకుండుట కారాగారశిక్షకును గురిచేయు నేరము. పట్టుకొనబడిన పన్నును పనివానినుండి మరల వసూలు చేయరాదని చట్టమున్నది. అయినను మీరు లెక్క దాఖలు చేయువరకు వాని ఖాతాలో నా సొమ్ము కనబడదు, వాడు ఆఫీసుల చుట్టు తిరుగుచుండును.

మరియొకటి, మన వసతిగృహపు విరాళముల సంగతి. ఒక కులమునకే యేర్పడిన ధర్మసంస్థ కిచ్చిన విరాళమునకు పన్నులో తగ్గింపు లేదు. షెడ్యూల్డు కులములకును, వెనుకబడిన తరగతులకును, స్త్రీబాలురకును నేర్పడినవానికి ఈ యభ్యంతరము లేదు. నూతనపద్ధతి నెన్నుకొన్న వ్యక్తులకైతే ఏ విరాళమునకును తగ్గింపే లేదు. రసీదుపై లేని యాశ పెట్టి విరాళ మడుగవలదని కార్యదర్శులను కోరుచున్నాను.

జీతపుచీటీలు వెంట దెచ్చినవారికి భోజనానంతరము పందిటి తూర్పుమూలన కూర్చుండి లెక్క చూచి యిచ్చెదను.