సరుకు మనది, అంగడి పరులది



సరుకెంత మేలైనదైనను అంగడి లేనిదే చెల్లదని వర్తకులమైన మేమెరుగుదుము. ఆఫ్రికా చలనచిత్రముల కష్టమును ఇదియే. సెనెగల్ దేశీయుడు ఉస్మాన్ సెంబేన్ 1968లో స్వభాషయగు వోలోఫున ‘మందాబి’ తీసెను. కాని ఆ ప్రాంతమున చిత్రముల పంపిణీ ఫ్రెంచి కంపెనీల చేతిలో నుండెను. స్వదేశ చిత్రములను స్వజనులు చూచుటకై 1969లో వాగడూగు నగరమున ఉత్సవము నెలకొల్పిరి.

ఈ కష్టము మన పఠాభిగారును ఎరిగినదే. నెల్లూరివారైన ఆయన కన్నడమున తీసిన ‘సంస్కార’ మొదట సెన్సారు నిషేధమునకు గురియైనను, 1970వ సంవత్సరపు ఉత్తమ చిత్రముగా జాతీయ బహుమతి నొందెను.

కావున నెలకొకమారు మన సంఘమందిరమే చిన్నచిత్రములకు అంగడి కావలెను. తెలుగు చిత్రములతోపాటు ఆఫ్రికా చిత్రములను మన పిల్లలకు చూపుదము. మొదటి ప్రదర్శన వ్యయము మేము భరింతుము. ఆసనములు నింపుట మీ వంతు.