బ్రూజు నగరము – కౌలాసు దుర్గము



విదేశయాత్రానుభవమును గూర్చి మాట్లాడుమని మీరు నన్నాదేశించితిరి. బెల్జియములోని ఫ్లాండర్సు సీమయందు బ్రూజు అను చిన్న ప్రాచీన నగరమును దర్శించితిని. అయినను దానిని గూర్చి చెప్పబూనినపుడెల్ల మీ పెద్ద కొడప్‌గల్ పొరుగుననే గుట్టమీద నిలిచియున్న కౌలాసు దుర్గమే మనస్సున మెదలుచుండుటచే, రెంటిని గూర్చియు ప్రసంగించెదను.

బ్రూజు ఐశ్వర్యమంతయు జ్విన్ అను సముద్రపు పాయ పెట్టిన భిక్ష. ఇంగ్లండు ఉన్నియు, ఇటలీ వర్తకుల పట్టును, సుగంధద్రవ్యములును ఆ పాయవెంటనే వచ్చెను. యాన్ వాన్ ఐక్ వంటి మహాచిత్రకారుడు ఆ సంపన్ననగరమున స్థిరపడి, 1441లో అచ్చటనే కన్నుమూసెను. పాయ ఇసుకమేటలతో పూడిపోగా, పదునైదవ శతాబ్దాంతమునకు వర్తకులు ఆంట్వెర్ప్ రేవునకు తరలిరి. ఊరు పేదపడెను. ఆ పేదరికమే ఊరిని కాపాడినదని నా విశ్వాసము: పాతయిల్లు పడగొట్టి కొత్తమేడ కట్టుటకు చేత కాసులేని గృహస్థు, ఉన్నగోడనే బాగుచేసికొని కాపురము సాగించెను.

నగరమధ్యమున 83 మీటర్ల గంటాగోపురము కలదు. దాని 366 మెట్లు పైకి పోనుపోను ఇరుకై, సుడితిరుగుచు, ఎక్కువాడు భుజములు ముడుచుకొని పగ్గము పట్టుకొనవలసినంతగా సన్నగిల్లును. ఎవరైన దిగివచ్చిరా, గోడకొదిగి నిలువవలసినదే. ఈ నగరకేంద్రమును 2000లో యునెస్కో ప్రపంచవారసత్వముగా గుర్తించినది.

ఇక కౌలాసు. బహమనీరాజ్య స్థాపకుడైన అలాఉద్దీన్ బహమన్ షా 1350లో తెలంగాణముపై దండెత్తి, ముసునూరి కాపయనాయకునినుండి ఈ దుర్గమును కైవసము చేసికొనెను. ఓరుగల్లు ఏలికయైన కాపయనాయకునకు పడమటివాకిలి చేజారినట్లయ్యెను. అనంతరకాలమున దీనినేలిన రాజపుత్రవంశీయులలో రాజా దీప్‌సింగు, 1857 సంగ్రామదినములలో ఆంగ్లేయులపై తిరుగబడినవారితో చేయికలిపి కారాగారము పాలయ్యెను. ఇంతటి చరిత్ర మన కాలినడక దారులలోనే ఉండగా, మన బిడ్డలు దానిని పరీక్షాపత్రములలోనైనను ఎరుగకపోవుట నాకు మిక్కిలి బాధాకరము.

ఫ్లాండర్సున కొండరాయి కరవు. బ్రూజువారు కాల్చిన ఇటుకతోనే ఇండ్లు కట్టుకొనిరి. మన కోట రాతికట్టడము. అయినను ఇటుక నిలిచెను, రాయి కూలుచున్నది! అచ్చట జనులు పాతగోడలనడుమ బ్రతుకుట ఎన్నడును మానలేదు. ఇచ్చట రాజవైభవము తొలగిన పిదప కోట క్రమముగా నిర్జనమయ్యెను. నిర్జనమైన గోడసందున పక్షి రాల్చిన రావివిత్తు మొలకెత్తును. వేరు మొదట దారమంత సన్నగా సున్నములోనికి చొచ్చి, ఏటేట లావెక్కి, తుదకు ఇద్దరు మనుష్యులు కదల్పలేని బండను త్రోసివేయును. తొలియేట ఆ మొలకను బడిపిల్లవాడైనను పెరికివేయగలడు. పదియేండ్లు గడచినచో చెట్టును నరికినను గోడ దక్కదు.

కావున పురావస్తుశాఖవారి అనుమతి గైకొని, వారు చూపిన తీరుననే, ఈ తొలకరికి పూర్వము ఒక్కదినము కొడప్‌గల్, కౌలాసు బడుల ఉపాధ్యాయులు పిల్లలను వెంటబెట్టుకొని అట్టి మొలకలను పెరికివేయుటకు కోటకు రావలెనని నా ప్రార్థన. దినము మీరు నిర్ణయింపుడు, నేనును వత్తును.