వేలు కదిపితేనే కదిలే కథ

సంగీతం ఎలా వినాలి, చిత్రాన్ని ఎలా చూడాలి అన్న విషయాల మీద రేడియోలో ఎన్నో ప్రసంగాలు వచ్చాయి. ఇవాళ వీడియో గేమ్‌లోని కథను ఎలా ఆస్వాదించాలో మాట్లాడుకుందాం. పిల్లల చదువు పాడుచేసే వ్యవహారంగానే దాన్ని చూస్తూ వచ్చిన పెద్దలు ముఖ్యంగా వినాలని నా కోరిక.

నేనుండేది నార్సింగిలో. ఒకప్పుడు గండిపేట దారిలో పొలాల మధ్య ఉన్న ఊరు. ఇప్పుడు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన మెడ నొప్పిపెట్టేదాకా తలెత్తి చూడాల్సిన మేడలు. గేమ్‌లు ఆడేవాళ్లు ఊరంతా ఉన్నారు, తయారుచేసేవాళ్లూ ఈ చుట్టుపక్కల ఉన్నారు. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ లాంటి పెద్ద కంపెనీకి హైదరాబాద్‌లో స్టూడియో ఉంది. యానిమేషన్, గేమింగ్ రంగాల కోసం తెలంగాణ ప్రభుత్వం 2016లోనే ఇమేజ్ పాలసీ పేరుతో ఒక విధానం తెచ్చింది. అయితే మనవాళ్ల శ్రమలో చాలా భాగం ఇంకా పరాయి కథలకే పోతోంది. వాళ్ల పాత్రలకు బొమ్మలు గీస్తాం, వాళ్ల లోకాలకు కోడ్ రాస్తాం, వాళ్ల గేమ్‌లో తప్పులు వెతికిపెడతాం. అంత పనితనం ఉన్నచోట మన కథ ఎప్పుడు పుడుతుందన్నదే నా తపన.

ముందు ఈ కళ గుట్టు తెలుసుకుందాం. నవలలో నాయకుడు ఏం చేశాడో చదువుతాం, సినిమాలో చూస్తాం. గేమ్‌లో ఆ పని మనమే చేయాలి. అందుకే గేమ్ ముందు కూర్చున్నప్పుడు ‘కథ ఏమిటి’ అని అడిగి ఊరుకోకూడదు. ‘ఈ కథ నా చేత ఏం చేయించింది’ అని అడగాలి.

ఒక ఉదాహరణ చెబుతాను. ముగింపు కూడా చెప్పేస్తాను, అది చెప్పకపోతే విషయం అందదు. ‘బ్రదర్స్: ఎ టేల్ ఆఫ్ టూ సన్స్’ అని 2013లో స్వీడన్ నుంచి వచ్చిన గేమ్. దర్శకుడు జోసెఫ్ ఫారెస్, సినిమాల నుంచి ఇటు వచ్చినవాడు. తండ్రికి ప్రాణం మీదికి వస్తుంది. ఆయన్ని బతికించే నీళ్ల కోసం అన్నదమ్ములిద్దరూ బయల్దేరుతారు. పాత్రలు మాట్లాడేది కల్పిత భాష, ఏ దేశంవాడికీ అర్థం కాదు. ఆడేవాడి చేతిలో కంట్రోలర్ అనే బటన్ల పరికరం ఉంటుంది. ఎడమ చేయి అన్నది, కుడి చేయి తమ్ముడిది. తల్లి నీళ్లలో మునిగిపోతుంటే తమ్ముడు కళ్లారా చూశాడు, అందుకే వాడికి నీళ్లంటే భయం. ఏరు దాటాల్సి వస్తే అన్న వీపు పట్టుకుంటాడు, మనం రెండు చేతులతో ఇద్దర్నీ ఒడ్డు చేరుస్తాం.

దారిలో అన్న చనిపోతాడు. అప్పటినుంచి మన ఎడమ చేతికి పని ఉండదు. తమ్ముడు నీళ్లు తీసుకుని ఇంటిదాకా వస్తాడు. ఎదురుగా ఏరు. కుడి చేతి బటన్ నొక్కుతాం, వాడు దిగడు. మళ్లీ నొక్కుతాం, దిగడు. ఏం చేయాలో తోచక చివరికి అన్నకు చెందిన ఎడమవైపు బటన్ నొక్కుతాం. తమ్ముడు నీళ్లలోకి దిగి ఈదుతాడు. పోయిన అన్న తమ్ముడిలో ఉన్నాడన్న సంగతి ఎవరూ చెప్పరు. మన వేలికే తెలుస్తుంది. ఆ క్షణాన్ని సినిమాగా తీస్తే మంచి సన్నివేశం అవుతుందేమో గానీ ఈ అనుభవం మాత్రం కాదు.

ఇక మన దగ్గరికి వద్దాం. హైదరాబాద్‌లోని ఓగర్ హెడ్ స్టూడియో 2017లో ‘అసుర’ అనే గేమ్ విడుదల చేసింది. ఆడేవాడు అసురుడి పక్షాన కత్తి పట్టాలి. చస్తే మళ్లీ మొదటికి, దారులూ శక్తులూ ప్రతిసారీ మారిపోతాయి. అందులో కథ కంటే పోరాటమే ఎక్కువ. అయినా ఓడిన పక్షాన్ని ఎంచుకోవడం నాకు నచ్చింది. 1977లో ‘దానవీరశూరకర్ణ’ సినిమా చూసి దుర్యోధనుడికి చప్పట్లు కొట్టినవాళ్లం మనం.

ఆ దుర్యోధనుడు మయసభలో అడుగుపెట్టిన ఘట్టాన్నే గేమ్‌గా ఊహించుకోండి. ఆడేవాడే దుర్యోధనుడు. స్ఫటికపు నేలను చూసి నీళ్లనుకుని బట్టలు ఎత్తి పట్టుకుంటాడు, ఏమీ కాదు. ధైర్యం వస్తుంది. ఈసారి నేలే అనుకుని అడుగు వేస్తాడు, నీళ్లలో పడతాడు. పైనుంచి నవ్వులు. సినిమాలో ఆ అవమానం ఆయనది. ఇక్కడ అడుగు వేసింది మనం, తడిసింది మనం. ఆ మంటతోనే తరవాతి ఘట్టంలో పాచికలు మన చేతికిస్తే? శకునిని పిలవాలా వద్దా అని మనల్నే అడిగితే? భారతం తెలిసిన తెలుగువాడు కూడా అక్కడ ఒక్క క్షణం ఆగి తనను తాను చూసుకుంటాడు.

ఇప్పుడు గేమ్‌లోని పాత్రలు మనమేం అడిగినా అప్పటికప్పుడు బదులిచ్చేలా కృత్రిమ మేధతో ప్రయోగాలు జరుగుతున్నాయి. భవిష్యత్తంతా అదేనని కొందరి మాట. నాకంత నమ్మకం లేదు. ఎంత సేపైనా మాట్లాడగల పాత్ర ఉన్నంత మాత్రాన కథ పుట్టదు. తమ్ముడు ఏ బటన్‌కి నీళ్లలో దిగాలో ఎవరో మనిషి కూర్చుని ఆలోచించాడు. మనకు కావలసింది ఆ ఆలోచన. ఇక్కడ ప్రోగ్రామర్లకు కొదవ లేదు, చిత్రకారులకు కొదవ లేదు. తెలుగు కథకులు, నాటకకర్తలు గేమ్ స్టూడియోల గడప తొక్కాలి. స్టూడియోలు కూడా గేమ్ సగం అయ్యాక సంభాషణల కోసం కాకుండా మొదటి రోజే వాళ్లను పిలవాలి.

వినేవాళ్లకూ ఒక విన్నపం. కెనడాలో ఒక చిన్న బృందం 2023లో ‘వెన్బా’ అనే గేమ్ తెచ్చింది, మరుసటి ఏడాది దానికి బ్రిటన్‌వాళ్ల బాఫ్టా పురస్కారం వచ్చింది. 1980లలో కెనడా వెళ్లిన తమిళ కుటుంబం కథ. తల్లి వంటల పుస్తకం చిరిగి, అక్షరాలు చెరిగిపోయి ఉంటుంది. ఇడ్లీ పళ్లేలు ఎలా పేర్చాలో, ఏది ముందు వేయాలో ఆడేవాడే ఊహించి వండాలి. వండుతుంటే కొడుక్కీ తల్లికీ మధ్య పెరిగిన దూరం తెలుస్తూ వస్తుంది. నార్సింగిలో పిల్లల్ని డల్లాస్‌కో న్యూజెర్సీకో పంపి ఎదురుచూసే తల్లిదండ్రులున్న ఇళ్లు ఎన్నో. మనవడో మనవరాలో సెలవులకు వచ్చినప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని ఆడండి. బటన్లు వాళ్లు నొక్కుతారు, ఇడ్లీ సంగతి మీరు చెప్పండి. గంటన్నరలో అయిపోతుంది.